టెన్షన్ మీ నడకలో, భుజాల్లో, చేతుల్లో ఎక్కడ ఉందో కనిపెట్టి వదిలించుకోవడం ఎలా?

మెడ పట్టేసిందని ఎక్స్‌రే తీయిస్తే ఎముకలన్నీ బాగానే ఉన్నాయంటారు. ఆయింట్‌మెంట్ రాసుకుంటే రెండు రోజులు తగ్గుతుంది, నెలాఖరు పని మీద పడగానే మళ్లీ మొదలు. ఇలాంటివాళ్లకి "టెన్షన్ పెట్టుకోకండి" అని చెప్పి పంపేయడం తేలిక. ఎలా పెట్టుకోకుండా ఉండాలో మాత్రం ఎవరూ చెప్పరు. మనసును పట్టుకోవడం కష్టమే. కానీ పెన్ను ఎంత గట్టిగా నొక్కుతున్నామో, మెట్లు దిగేటప్పుడు మడమ ఎంత చప్పుడు చేస్తోందో, ఫోన్ మాట్లాడుతున్నప్పుడు భుజం ఎంత పైకి లేచిందో చూసుకోవచ్చు. ఈ వ్యాసంలో ఆ దారే పడదాం. ముందు గమనించడం, తర్వాత వదులు చేయడం, ఆ తర్వాతే కొత్తగా కదలడం.

ముందుగా, లోపల ఏం జరుగుతుంది

భయం, కోపం కలిగినప్పుడు ఒళ్లు పోట్లాటకో పరుగుకో ఎలా సిద్ధమవుతుందో అమెరికా శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915లో వెలువడిన తన పుస్తకంలో వివరించాడు. కిడ్నీల పైన ఉండే ఎడ్రినల్ గ్రంథులు సెకన్లలో ఎడ్రినలిన్ అనే హార్మోన్‌ని వదులుతాయి. గుండె, ఊపిరి వేగం పుంజుకుంటాయి. పెద్ద కండరాలకి రక్తం ఎక్కువగా వెళ్తుంది. అదే గ్రంథుల నుంచి వచ్చే మరో హార్మోన్ కార్టిసాల్ నిదానం, ఇరవై ముప్పై నిమిషాలకి గానీ బాగా పెరగదు. గొడవ అయిపోయి అందరూ ఎవరి పనుల్లో వాళ్లు పడ్డాక కూడా మన ఒళ్లు ఇంకా సర్దుకోకపోవడానికి ఇదొక కారణం.

వీధికుక్క వెంటపడితే ఈ ఏర్పాటంతా అక్కరకొస్తుంది. మేనేజర్ దగ్గర్నుంచి "ఒకసారి కాల్ చేయండి" అని మెసేజ్ వస్తే పరిగెత్తే పనీ లేదు, కలబడే పనీ లేదు. సిద్ధమైన కండరం అలాగే సిద్ధంగా ఉండిపోతుంది.

ఎలా ఉండిపోతుందో చూడండి. మోచేయి మడవాలంటే చేతి ముందువైపు కండరం బిగియాలి, వెనకవైపుది వదలాలి. టెన్షన్‌లో రెండూ ఎంతో కొంత బిగుస్తాయి. బ్రేకూ యాక్సిలరేటరూ ఒకేసారి తొక్కి బండి నడిపినట్టన్నమాట. కీలు గట్టిగా నిలబడుతుంది, నిజమే. కానీ కదలిక చిన్నదవుతుంది, మొరటుగా మారుతుంది, చేసిన పనికంటే అలసట ఎక్కువవుతుంది. రోజంతా కుర్చీలోంచి లేవకపోయినా సాయంత్రానికి ఒళ్లు హూనమైనట్టు అనిపించడం ఇందుకే.

అన్నిటికంటే ముందు దొరికిపోయేది మెడ నుంచి భుజాల మీదుగా వీపు మధ్య దాకా పరుచుకున్న ట్రపీజియస్ కండరం. స్వీడన్‌లో ఉల్ఫ్ లుండ్‌బెర్గ్ బృందం 1994లో అచ్చేసిన ప్రయోగంలో, బరువేమీ ఎత్తకుండా కేవలం మనసులో లెక్కలు చేస్తున్నవాళ్లకి కూడా ఈ కండరంలో బిగువుని చూపే విద్యుత్ చలనం పెరిగింది. పైగా ఒక కండరంలోని పోగులన్నీ వంతులవారీగా పని చేయవు. చిన్న పోగులు అందరికంటే ముందు పనిలోకి దిగి, అందరికంటే చివర్న బయటికొస్తాయి. భుజం కొద్దిగా లేచి ఉన్నా వాటికి సెలవు దొరకదు. కాబట్టి పెద్ద బరువులు ఎత్తకపోయినా మెడ నొప్పి రావడంలో వింతేమీ లేదు.

మొదటి దశ: సరిచేయకుండా చూడండి

చాలామంది ఈ దశ దాటేసి నేరుగా వ్యాయామాలకి వెళ్లిపోతారు. ఏది బిగుసుకుందో తెలియకుండా దేన్ని వదులుతారు?

ఫోన్ చాలు. మీరు నడుస్తుండగా ఇంట్లోవాళ్లని రెండు వీడియోలు తీయమనండి. ఒకటి మనసు తేలికగా ఉన్న సెలవురోజు పొద్దున, రెండోది ఆఫీసులో ఏదో తలనొప్పి తెచ్చుకున్న రోజు సాయంత్రం. ఇంటి ముందు అదే చోట, అవే చెప్పులతో, పక్కనుంచి తీయాలి. కెమెరా ఉందని తెలిస్తే ఎవరి నడకైనా మారిపోతుంది కాబట్టి, ఎప్పుడు తీస్తారో మీకు చెప్పకుండా తీస్తే ఇంకా మంచిది.

తర్వాత రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. చేతులు ఊగుతున్నాయా, లేక ఒళ్లుకి అంటుకుపోయాయా? అడుగులు పొట్టివయ్యాయా? వెనకనుంచి ఎవరైనా పిలిస్తే ముందు తల తిరుగుతోందా, లేక తల, భుజాలు, నడుము అన్నీ ఒక్కసారిగా తిరుగుతున్నాయా? నిలబడినప్పుడు మోకాళ్లు వెనక్కి తన్ని లాక్ అయి ఉన్నాయా?

ఇక్కడ ఒక తేడా తెలుసుకోవాలి. ఇప్పటికిప్పుడు వచ్చిన టెన్షన్ ఒంటిని బిగిస్తుంది, ఒక్కోసారి అడుగుల్ని తొందరపెడుతుంది. వారాలు, నెలల తరబడి కుంగిపోయిన మనసు అలా కనిపించదు. డిప్రెషన్‌లో ఉన్నవాళ్ల నడకని జర్మనీలో కొలిచి 2009లో అచ్చేసిన పరిశోధనలో వాళ్లు నెమ్మదిగా నడిచారు, చేతుల ఊపు తగ్గింది, ఒళ్లు ముందుకి వాలింది, పక్కలకి ఊగడం ఎక్కువైంది. మీ వీడియోలో బిగువు కాకుండా ఈ వాలిపోవడం కనిపిస్తుంటే, అదీ రెండు వీడియోల్లోనూ ఒకేలా ఉంటే, కింద రాసిన వ్యాయామాలతో ఆగిపోకండి. డాక్టర్‌తో మాట్లాడండి.

రెండో దశ: దవడ, భుజం, పట్టు

రోజులో ఏదో ఒక పనిని గుర్తుగా పెట్టుకోండి. ఫోన్ మోగడం బాగా పనికొస్తుంది. మోగిన ప్రతిసారీ ఎత్తేముందు ఒక్క క్షణం దవడ చూసుకోండి. తినేటప్పుడు తప్ప పై పళ్లూ కింది పళ్లూ తగలాల్సిన పనే లేదు. పెదాలు కలిసి ఉండాలి, పళ్ల మధ్య సందు ఉండాలి, నాలుక కొస పై పళ్ల వెనక చిగురు దగ్గర తేలికగా ఆనాలి. రాత్రిళ్లు పళ్లు కొరికే అలవాటు ఉండి పొద్దున్నే చెంపలు నొప్పెడుతుంటే ఒకసారి డెంటిస్ట్‌కి చూపించుకోవడం మంచిది, పళ్లు అరిగిపోతాయి.

భుజాల్ని "కిందికి దించు" అని మనకి మనమే చెప్పుకుంటే అవి రెండు నిమిషాలు దిగి మళ్లీ లేస్తాయి. దానికంటే ముందు వాటిని కావాలనే చెవుల దాకా ఎత్తి, ఊపిరి వదులుతూ ఒక్కసారిగా జారవిడవండి. పడిన చోట వదిలేయండి. నిటారుగా కూర్చోమని పిల్లల్ని, పెద్దల్ని రోజంతా సతాయించడం మీద నాకు పెద్ద నమ్మకం లేదు. బిగుసుకుని నిటారుగా కూర్చున్నవాడికీ, బిగుసుకుని వంగి కూర్చున్నవాడికీ మెడ ఒకేలా నొప్పెడుతుంది. అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయడం నయం.

పట్టు సంగతి తెలియాలంటే సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ హైదరాబాద్‌లో ఏ సిగ్నల్ దగ్గరైనా ఆగిన బైకుల్ని చూడండి. సిగ్నల్ ఇంకా ఎర్రగానే ఉంది, బండి న్యూట్రల్‌లోనే ఉంది, నాలుగు వేళ్లూ మాత్రం క్లచ్‌ని పిండుతూనే ఉన్నాయి. మోచేతులు కర్రల్లా చాచి ఉన్నాయి. హెల్మెట్ అంచుకి భుజాలు తగిలేలా ఉన్నాయి. కళ్లు అంకెలు తగ్గే బోర్డు మీదే. ఇంటికి చేరేలోపు ఇలా పది సిగ్నళ్లు పడితే మణికట్టు, మెడ ఎందుకు పట్టేయవు? మీరు ఆగినప్పుడు బండి న్యూట్రల్‌లో పెట్టి, కాలు నేల మీద గట్టిగా ఆనించి, ముందు చిటికెన వేలు సడలించండి. దాని వెనకే మిగతా పట్టు కూడా తగ్గుతుంది. మోచేతులు కొంచెం మడవండి, ఒక పొడుగాటి ఊపిరి వదలండి. అంతే. కళ్లు మూసుకోవడం లాంటివి రోడ్డు మీద వద్దు.

కంప్యూటర్ ముందు మౌస్ విషయం కూడా ఇంతే. గడువు దగ్గరపడితే వేలు అవసరానికి మించి నొక్కుతుంది. కీబోర్డు చప్పుడు పెరిగిందని పక్కవాళ్లు చెప్తే నమ్మండి.

మూడో దశ: ఊపిరిని పొట్టలోకి దించడం

టెన్షన్‌లో ఊపిరి ఛాతీ పైభాగానికి ఎగబాకుతుంది. అప్పుడు పక్కటెముకల్ని పైకి లాగడానికి మెడ ముందువైపు, పక్కవైపు కండరాలు సాయానికొస్తాయి. నిమిషానికి పదిహేను ఊపిర్లు అనుకున్నా గంటకి తొమ్మిది వందలసార్లు మెడ పని చేస్తున్నట్టు లెక్క. మెడకి ఎంత మసాజ్ చేయించినా నిలవకపోవడానికి ఇదీ ఒక కారణం.

"గట్టిగా ఊపిరి పీల్చుకో" అని అందరూ ఇచ్చే సలహా ఇక్కడ పని చేయదు. టెన్షన్‌లో ఉన్నవాళ్లు అప్పటికే ఎక్కువ పీలుస్తుంటారు. ఇంకా పీలిస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోయి తల తిరుగుతుంది, వేళ్లూ పెదాలూ తిమ్మిరెక్కుతాయి, దాంతో భయం ఇంకా పెరుగుతుంది. చేయాల్సింది పొడుగ్గా వదలడం.

వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవండి. ఒక అరచేయి పొట్ట మీద, రెండోది ఛాతీ మీద పెట్టండి. ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు పీల్చండి, పొట్ట మీది చేయి లేవాలి. ఆరు అంకెలసేపు వదలండి. పది సెకన్లకొక ఊపిరి, నిమిషానికి ఆరు. ఐదు నిమిషాలు చాలు. నాలుగూ ఆరూ ఇబ్బందిగా ఉంటే మూడూ నాలుగుతో మొదలుపెట్టండి. ఊపిరాడనట్టు అనిపిస్తుంటే ఆపేసి మామూలుగా పీల్చుకోండి, పట్టుదలకి పోకండి. పడుకుని అలవాటయ్యాక కూర్చుని, ఆ తర్వాత నడుస్తూ చేయవచ్చు.

నాలుగో దశ: బిగించి వదలడం

"వదులుగా ఉండు" అంటే ఎలా ఉండాలో బిగుసుకున్నవాళ్లకి తెలియదు. షికాగోలో పని చేసిన డాక్టర్ ఎడ్మండ్ జేకబ్సన్ ఈ విషయం పట్టుకున్నాడు. బిగువు ఎలా ఉంటుందో కండరానికి తెలిస్తే, వదలడం కూడా తెలుస్తుందని ఆయన పద్ధతి. దాని మీద ఆయన పుస్తకం 1929లో వచ్చింది. ఆయన నేర్పింది చాలా నిదానమైన, నెలలు పట్టే పాఠం. ఇప్పుడు అందరూ చేసేది తర్వాతివాళ్లు కుదించిన రూపం. ఇంటికి అదే సరిపోతుంది.

కుడి పిడికిలి బిగించండి. పూర్తి బలం వద్దు, సగం చాలు. ఐదారు సెకన్లు ఉంచి ఒక్కసారిగా వదిలేయండి. అరనిమిషం ఏమీ చేయకుండా చేతిలో ఏం మారిందో గమనించండి. అసలు పాఠం ఈ అరనిమిషంలోనే ఉంది, చాలామంది దీన్నే మింగేసి తర్వాతి కండరానికి పరిగెడతారు. ఎడమ పిడికిలి, రెండు మోచేతులు, నుదురు, కళ్లు, దవడ, భుజాలు, పొట్ట, తొడలు, పాదాలు ఇలా ఒక్కొక్కటీ. ఎక్కడా ఊపిరి బిగపట్టకండి. బీపీ ఎక్కువగా ఉన్నవాళ్లు మరీ గట్టిగా బిగించకూడదు. పిక్కలు పట్టేసే అలవాటున్నవాళ్లు పాదాన్ని కిందికి చాచకుండా, వేళ్లని తమవైపు లాక్కుని బిగించాలి.

రాత్రి పడుకునేముందు చేస్తే మధ్యలోనే నిద్ర పడుతుంది. పట్టనివ్వండి.

ఐదో దశ: నడకకి ఊపు ఇవ్వడం

ఇప్పటిదాకా వదలడం అయింది, ఇక కదలాలి. పావుగంట నడక, కొన్ని షరతులతో. చేతిలో ఫోన్ ఉండకూడదు, భుజానికి బ్యాగు ఉండకూడదు. చేయి ఊగకపోతే నడుము తిరగదు, నడుము తిరగకపోతే అడుగు సాగదు. చేతుల్ని కావాలని ఊపితే మిలిటరీ కవాతులా తయారవుతుంది, కాబట్టి అది వద్దు. కొంచెం వేగం పెంచండి, చేతులు వాటంతటవే ఊగుతాయి. చూపు నేల మీద కాకుండా వీధి చివర పెట్టండి. మధ్యమధ్యలో నడక ఆపకుండా తల మాత్రం కుడికీ ఎడమకీ తిప్పి షాపుల బోర్డులు చదవండి. తల, ఒళ్లు ఒకే ముద్దగా తిరిగే అలవాటు ఇలా వదులుతుంది. రోడ్డు దాటేటప్పుడు మాత్రం దృష్టంతా రోడ్డు మీదే.

ఇంట్లో పెద్దవాళ్లుంటే

ఒకసారి జారిపడ్డ అమ్మమ్మ నడకని గమనించండి. దెబ్బ మానిపోయి ఉంటుంది. కానీ పాదాలు ఎడంగా వేస్తుంది, అడుగులు చిన్నవి, రెండు పాదాలూ నేల మీద ఉండే సమయం ఎక్కువ, చేయి ఎప్పుడూ గోడ కోసం వెతుకుతుంటుంది. ఇది ఒట్టి ముసలితనం కాదు, పడతానన్న భయం. ఎత్తైన చోట అంచున నిలబెడితే కుర్రవాళ్లూ చీలమండలు బిగించి, బరువు వెనక్కి వేసి నిలబడతారు. అమ్మమ్మకి ఆ అంచు ఇంట్లోని బాత్రూం గడప. బిగుసుకున్న కాలు తడబడితే చటుక్కున సర్దుకోలేదు. అందుకే పడతామన్న భయం కూడా పడేస్తుంది.

ఆమె లేచిన ప్రతిసారీ "జాగ్రత్త, జాగ్రత్త" అని అరవకండి. ఆ అరుపుతో ధ్యాస మొత్తం తన కాళ్ల మీదికి పోతుంది, కాళ్లు ఇంకా బిగుస్తాయి. "అమ్మమ్మా, ఆ తలుపు దాకా వెళ్లొద్దాం రా" అని ముందున్న చోటు చూపించండి. చెప్పాల్సిన జాగ్రత్తలు గోడకి చెప్పండి, అంటే బాత్రూంలో పట్టుకునే రాడ్లు, జారని పట్టా, రాత్రి వెలిగే చిన్న బల్బు పెట్టించండి.

ఒక చిన్న పరీక్ష ఉంది. 1997లో స్వీడన్ పరిశోధకులు లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాసింది: నడుస్తున్న వృద్ధుల్ని పలకరిస్తే, జవాబివ్వడానికి నడక ఆపేసేవాళ్లు తర్వాతి నెలల్లో పడిపోయే అవకాశం ఎక్కువ. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఇలా ఆగి మాట్లాడుతుంటే, నడుస్తున్నప్పుడు కబుర్లు పెట్టకండి, ఒకసారి ఫిజియోథెరపిస్ట్‌కి చూపించండి.

ఆరో దశ: చేయి తిరిగిన పనే చెడిపోతుంటే

స్టేజీ, పరీక్ష, ఆట ఏదైనా కావచ్చు. వందలసార్లు చేసిన పని, అసలు రోజున కాళ్లూ చేతులూ ఆడవు. 1993 వింబుల్డన్ టెన్నిస్ ఫైనల్లో యానా నొవోత్నా మూడో సెట్లో స్టెఫీ గ్రాఫ్ మీద 4-1 ఆధిక్యంలో ఉండి, డబుల్ ఫాల్ట్ చేసి (వరసగా రెండు సర్వీసులూ తప్పి), వరసగా ఐదు గేములు పోగొట్టుకుంది. ఆమెకి సర్వీస్ రాకనా? ఇలాంటి వేళ మనిషి తన చేయి ఏం చేస్తోందో అడుగడుగునా పర్యవేక్షించడం మొదలుపెడతాడు. అలవాటుగా సాగే పనిని ముక్కలు చేసి చూస్తే అది ముక్కలుగానే బయటికొస్తుంది. నొవోత్నా 1998లో అదే కోర్టులో గెలిచిందనుకోండి, అది వేరే సంగతి.

ధ్యాసని ఒంటి మీదనుంచి పని మీదికి మార్చడమే దీనికి విరుగుడు. గాబ్రియేలె వుల్ఫ్ బృందం 1998లో స్కీయింగ్‌ని, అంటే మంచు మీద జారే ఆటని, అనుకరించే యంత్రం మీద చేసిన ప్రయోగంలో, తమ పాదాల మీద ధ్యాస పెట్టమన్నవాళ్లకంటే, పాదాల కిందున్న చక్రాల మీద ధ్యాస పెట్టమన్నవాళ్లు బాగా నేర్చుకున్నారు. కూచిపూడిలో ఇత్తడి పళ్లెం అంచుల మీద పాదాలుంచి తరంగం చేసేవాళ్లకి ఇది సూటిగా పనికొచ్చే విషయం. వేళ్లు అంచుని ఎలా పట్టుకున్నాయా అని కాకుండా పళ్లెం తాళంలో ఎటు జరగాలో అది పట్టుకోవాలి. ఉపన్యాసం ఇచ్చేవాళ్లు చివరి వరసలో ఒకరి ముఖం, పరీక్ష రాసేవాళ్లు చేతిరాత కాకుండా రాస్తున్న వాక్యం ధ్యాసలో పెట్టుకోవాలి.

వణుకు మాత్రం వేరే లెక్క. అందరి చేతులూ కంటికి కనిపించనంత సన్నగా, సెకనుకి ఎనిమిది నుంచి పన్నెండుసార్లు, ఎప్పుడూ వణుకుతూనే ఉంటాయి. ఎడ్రినలిన్ ఆ వణుకుని పెద్దది చేస్తుంది. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఉత్తర కొరియా షూటర్ కిమ్ జోంగ్ సు వణుకు తగ్గించే ప్రొప్రనొలాల్ వాడినట్టు తేలి, గెలిచిన రెండు పతకాలూ పోగొట్టుకున్నాడు. ఆ మాత్ర ఎవరో చెప్పారని మీరు వేసుకోకండి, ఆస్తమా ఉన్నవాళ్లకి ప్రమాదం. స్టేజీ ఎక్కేముందు రెండంతస్తులు మెట్లెక్కి దిగండి, కాఫీ మానేయండి. పల్చటి కాగితం బదులు అట్ట పట్టుకోండి. కాగితమైతే చిన్న వణుకుని కూడా ఊరంతా చూస్తుంది.

ఇంటర్ పరీక్షల్లో మూడు గంటలు రాసే పిల్లలకి ఒక్కటే చెప్పండి: ఒక్కో జవాబు అయ్యాక పెన్ను కింద పెట్టి, వేళ్లు చాచి, మళ్లీ తీసుకోవాలి.

ఏడో దశ: ఆ రోజు బరువులెత్తకండి

కోపంగా ఉన్నప్పుడు గ్యాస్ సిలిండర్ మార్చకండి. లోపల గ్యాసే 14.2 కిలోలు, ఖాళీ బండతో కలిపితే దాదాపు ముప్పై. బిగుసుకున్న ఒంటితో ఎత్తినప్పుడు వెన్ను మీద పడే భారం మామూలుకంటే ఎక్కువని కొలిచి చూసినవాళ్లున్నారు. పైగా కంగారులో చూపు కూడా ఇరుకవుతుంది, పక్కనున్న పీట కనపడదు. ఎత్తడం తప్పదంటే ముందు నాలుగు ఊపిర్లు పొడుగ్గా వదలండి, సిలిండర్‌ని ఒంటికి దగ్గరగా ఉంచండి, నడుము తిప్పకుండా పాదాలు తిప్పండి. జిమ్‌కి వెళ్లేవాళ్లు టెన్షన్ రోజుల్లో మానక్కర్లేదు. బరువు తగ్గించుకుని, కొత్త వ్యాయామం మరోరోజుకి వాయిదా వేస్తే సరి.

టెన్షన్ అని సరిపెట్టుకోకూడనివి

చేయి ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చున్నప్పుడు, అదీ ఒకవైపే వణుకుతుంటే, నడిచేటప్పుడు ఒక చేయే ఊగకుండా ఉంటే పార్కిన్సన్స్ అనే మెదడు జబ్బేమో న్యూరాలజిస్ట్ చూడాలి. టెన్షన్‌లో అది ఇంకా పెరుగుతుంది కాబట్టి చాలామంది టెన్షన్ ఖాతాలోనే వేసేస్తారు. వణుకుతోపాటు గుండె దడ, బరువు తగ్గడం ఉంటే థైరాయిడ్ పరీక్ష చేయించాలి. పాదాలు తిమ్మిరెక్కి నడక తూలుతుంటే విటమిన్ బి12, షుగర్ పరీక్షలు చేయించాలి. నడుం నొప్పితో పాటు మూత్రం మీద పట్టు పోతే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఛాతీ బరువెక్కి నొప్పి దవడకో ఎడమ చేతికో పాకితే, లేదా మూతి వంకరపోయి, ఒక చేయి లేవక, మాట ముద్దగా వస్తుంటే ఊపిరి వ్యాయామాలతో సమయం పోగొట్టకుండా 108కి ఫోన్ చేయండి.

ఒళ్లు వదులైనా మనసు తెరిపిన పడక, నిద్ర పట్టక రోజులు గడుస్తుంటే మానసిక ఆరోగ్యానికి కేంద్ర ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఉంది. ఏ వేళైనా పలుకుతుంది, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.